ఆడపిల్ల వాటా: ఒక దస్తావేజు లేఖరి మాటలు

(ఒక శాఖా గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సంప్రదాయం, అభ్యుదయం అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. 1988 నుంచి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాను. నాకు తెలిసిన చోటు అదే కాబట్టి అక్కడి నుంచే మాట్లాడతాను. ఈ రెండు వాదాలూ మా బల్ల దగ్గర రోజూ ఎదురుపడుతుంటాయి. ఒకే ఇంటి మనుషులు, ఒకే తల్లి బిడ్డలు చెరోవైపు నిలబడి ఉంటారు. తగువు ఒక్కటే: ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇవ్వాలా, వద్దా.

మీలో చాలామందికి హక్కు విడుదల దస్తావేజు అంటే ఏమిటో తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తండ్రి పోయాక అన్నదమ్ములు ఆస్తి పంచుకోవాలనుకుంటారు. అక్కచెల్లెళ్ళకూ అందులో వాటా ఉంటుంది. వాళ్ళు "మాకు వద్దు" అని రాసి ఇస్తే తప్ప బ్యాంకువాడు అప్పివ్వడు, కొనేవాడు ముందుకు రాడు. అందుకని వాళ్ళను పిలిపిస్తారు. పొద్దున్నే ఆటోలో దిగుతారు. అక్కచెల్లెళ్ళు చాలాసార్లు కొత్త చీరలో ఉంటారు. ఆ చీర ఆ ఉదయమే అన్నదమ్ములు పెట్టినది. దస్తావేజులో నేను రాసే వాక్యాలు ఇలా ఉంటాయి:

"నా వివాహ సమయమున నాకు ముట్టవలసిన పసుపు కుంకుమలు, కట్న కానుకలు ముట్టియున్నందున, దిగువ షెడ్యూలు ఆస్తిలో నాకు గల యావత్తు హక్కులను నా ఇష్టపూర్వకముగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా మీకు విడుదల చేయడమైనది. ఇకమీదట సదరు ఆస్తితో నాకు గాని, నా వారసులకు గాని ఎట్టి సంబంధమూ లేదు."

ఈ వాక్యాలు నాకు నోటికి వచ్చు. ఎన్ని వందలసార్లు రాశానో లెక్క లేదు. చదివి వినిపిస్తుంటే అన్నదమ్ములు కిటికీ వైపు చూస్తారు. ఆడపిల్లలు నేల చూస్తారు. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాను. పెట్టేస్తారు. ఆఫీసు లోపల ఫొటో, వేలిముద్రలు. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది.

1994లో ఒక దస్తావేజు రాశాను. సంతకం పెట్టింది మా అక్క. రాయించుకున్నది నేనూ, మా తమ్ముడూ.

మాది తాతల నాటి 6 ఎకరాల మాగాణి. నాన్న 1993లో పోయారు. అక్కకు 1979లోనే పెళ్ళయింది. అప్పటి చట్టం ప్రకారం మా ఇంటి లెక్క చెబుతాను, కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే తగువంతా ఈ లెక్కలోనే ఉంది. ముందుగా నాన్నకూ, ఇద్దరు కొడుకులకూ తలా 2 ఎకరాలు. నాన్న భాగంలోని 2 ఎకరాలు అమ్మకు, అక్కకు, మా ఇద్దరికి తలా 50 సెంట్లు. అంటే మాకు చెరి రెండున్నర ఎకరాలు, అమ్మకు అర ఎకరం, అక్కకు అర ఎకరం. ఒకే కడుపున పుట్టిన ముగ్గురిలో అక్క వాటా మాలో ఒక్కొక్కరి వాటాలో అయిదో వంతు. ఆ అయిదో వంతు కూడా మేం ఉంచలేదు. అమ్మ చేతా, అక్క చేతా రాయించుకుని చెరి 3 ఎకరాలు చేసుకున్నాం.

అక్కను మేం బలవంతపెట్టలేదు. ఇది నిజం. "పలానా రోజు రావాలక్కా" అన్నాను, వచ్చింది. "ఎక్కడ్రా తమ్ముడూ పెట్టాల్సింది?" అని అడిగి సంతకం పెట్టింది. ఆ రోజు అది నాకు చాలా మామూలు విషయం. పైగా అక్క మంచితనానికి గర్వపడ్డాను కూడా.

1999లో అక్క కొడుకుకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఫీజు కట్టాలి. అక్క మా ఇంటికి వచ్చి, వంటింట్లో అమ్మ దగ్గర చాలాసేపు కూర్చుంది. వెళ్ళేముందు వరండాలోకి వచ్చి, "ఒరేయ్, ఒక 15 వేలు చేబదులు సర్దగలవా? గేదె పాల డబ్బులు రాగానే ఇచ్చేస్తాను" అంది. ఇచ్చాను. రెండేళ్ళలో పైసాతో సహా తీర్చేసింది. అక్క భూమి నా పేరునా, మా తమ్ముడి పేరునా ఉండగా, అక్క నా దగ్గర అప్పు చేసింది. ఈ విషయం నాకు అప్పుడు తట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. తట్టాక ఇక మరచిపోలేకపోయాను.

ఇప్పుడు చట్టం సంగతి. దీని మీద మన దగ్గర చాలా గందరగోళం ఉంది.

మన ప్రాంతంలో నడిచింది మితాక్షర న్యాయం. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం అది. దాన్ని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, విజ్ఞానేశ్వరీయము అని. తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు ఉంటుందన్నది మితాక్షర పద్ధతి. మగపిల్లాడు పుట్టగానే వాటాదారు, ఆడపిల్ల పుడితే కాదు. సంప్రదాయం పేరు చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. కానీ అదే యాజ్ఞవల్క్య స్మృతిలో ఇంకో మాట ఉంది. పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకు అన్నదమ్ములు నాలుగో వంతు భాగం ఇవ్వాలని. మను స్మృతిలోనూ ఉంది, ఇవ్వని అన్నదమ్ములు పతితులవుతారని కూడా ఉంది. "ఆడపిల్లకు భూమి ఇవ్వడం మన ఆచారంలో లేదు" అని ఎవరైనా అంటే నాకు ఈ శ్లోకాలు గుర్తొస్తాయి. ఆచారాన్ని కూడా మనకు కావలసినంత మేరకే గుర్తుపెట్టుకున్నాం. శ్లోకాల దాకా ఎందుకు, పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసివ్వడం మన ఊళ్ళలో మొన్నమొన్నటి దాకా ఉన్నదే. పాత దస్తావేజుల్లో నేను ఎన్నో చూశాను. తర్వాత్తర్వాత ఆ భూమి నగదుగా మారింది. నగదు అల్లుడి చేతికి వెళ్ళింది. పసుపు కుంకుమ అన్న పేరు మాత్రం దస్తావేజులో మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక, హిందువుల పెళ్ళి, వారసత్వ పద్ధతులను మార్చే హిందూ కోడ్ బిల్లు మీద పెద్ద యుద్ధమే జరిగింది. కూతురికి వాటా ఇస్తే కుటుంబాలు కూలిపోతాయని పార్లమెంటులోనూ, బయటా గొడవ చేశారు. బిల్లు ముందుకు కదలకపోవడంతో అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ బిల్లు కోసం గట్టిగా మాట్లాడినవారిలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ ఒకరు. చివరకు 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కూతురికి తండ్రి భాగంలో వాటా ఇచ్చింది కానీ, పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. ఇందాక మా ఇంటి లెక్కలో అక్కకు అర ఎకరమే రావడానికి కారణం అదే. కుటుంబం కాపురం ఉంటున్న ఇంట్లో, మగవాళ్ళు పంచుకుందాం అనేదాకా కూతురు పంపకం అడగకూడదని కూడా అందులో ఒక సెక్షను ఉండేది.

ఆ లెక్కను మొదట మార్చింది మన రాష్ట్రమే. ఇది మన పిల్లలకు చెప్పుకోవలసిన సంగతి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. కేరళ అంతకు ముందే ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది, అది వేరే దారి. కూతుర్ని కొడుకు పక్కన కూర్చోబెట్టిన మొదటి చట్టం మాత్రం మనదే. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత వచ్చాయి. ఆ చట్టం పీఠికలోనే ఉంటుంది, ఆడపిల్లను ఆస్తికి దూరం పెట్టడం వల్లే కట్నం అనే దురాచారం పెరిగిందని. కానీ దానిలో ఒక గీత గీశారు. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదు. మా అక్క ఆ గీతకు అవతల పడింది. అక్క పెళ్ళి ఆరేడేళ్ళు ఆలస్యమై ఉంటే ఆమె వాటా 1 ఎకరం 87 సెంట్లు దాటేది. మా ఇద్దరి వాటాలూ అంతే ఉండేవి.

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చాక పెళ్ళయినా, కాకపోయినా తేడా పోయింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అనే దానిపై కొన్నేళ్ళు తర్జనభర్జన నడిచింది. 2015లో ఉండాలని తీర్పు వచ్చింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కర్లేదని తేల్చింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు అని. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదపడానికి లేదు. ఇంకొకటి గుర్తుంచుకోండి: ఇదంతా పిత్రార్జితం సంగతి. తండ్రి తన కష్టంతో సంపాదించిన స్వార్జితాన్ని ఎవరికి కావాలంటే వాళ్ళకు వీలునామా రాసుకోవచ్చు. ఏజెన్సీలోని గిరిజన కుటుంబాలకు ఈ చట్టం నేరుగా వర్తించదు, వాళ్ళ ఆడపిల్లల పోరాటం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మా బల్ల దగ్గర దస్తావేజులు తగ్గలేదు. పెరిగాయి. ఎందుకంటే ఇప్పుడు పెళ్ళయిన ఆడపిల్ల వాటా పెద్దది, ఆమె సంతకం లేకుండా పని జరగదు. అమెరికాలో పెద్ద ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు కూడా కాన్సులేట్‌లో జి.పి.ఏ., అంటే తమ బదులు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం, రాయించి పంపుతున్నారు, తమ తరఫున విడుదల చేయమని. వాళ్ళకు చట్టం తెలియక కాదు. మరి ఎందుకు చేస్తున్నారు?

నేను అడిగాను. ఎన్నోసార్లు, పక్కకు పిలిచి, "అమ్మా, నీకు ఇష్టమేనా?" అని అడిగాను. దాదాపు అందరిదీ ఒకటే జవాబు. "రేపు నాకేదన్నా అయితే వచ్చి నిలబడేది వాళ్ళే కదండీ. వాటా తీసుకుంటే ఇక పుట్టిల్లు ఉండదు." అభ్యుదయవాదులకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఈ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయకండి. ఆమె లెక్క వేసుకునే ఆ మాట అంటోంది. సారె పెట్టే ఇల్లు, కాన్పుకు వెళ్ళే ఇల్లు, భర్త కొడితే రాత్రికి రాత్రి వచ్చి తలుపు తట్టగలిగే ఇల్లు. తెలంగాణ వైపు తల్లిగారిల్లు అంటారు, వడిబియ్యం పోసి పంపే ఇల్లు. దాని ముందు అర ఎకరం ఎంత? ఆస్తితో సంబంధం లేదని రాసి ఇస్తున్నది, ఇంటితో సంబంధం నిలుపుకోవడానికి.

కానీ పెద్దల్ని ఒకటి అడగాలి. తోబుట్టువు తన వాటా తీసుకుంటే తెగిపోయే బంధాన్ని కాపాడవలసింది ఆమె ఒక్కతేనా? ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటే ఎవరూ "ఇక మీకు పుట్టిల్లు లేదు" అనరు. భూమి ముక్కలైపోతుందన్న బాధ కూడా ముగ్గురు కొడుకులు పంచుకునేటప్పుడు ఎవరికీ రాదు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని నవ్వుతూ అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆరేళ్ళ పిల్ల ఎదురుగా అంటారండీ ఆ మాట.

కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం 1961 నుంచి నేరం. అది అలా ఉంచండి. ఇచ్చింది ఎవరికి? నా ముప్ఫై ఏళ్ళకు పైగా అనుభవంలో "నా కట్నం డబ్బు నా దగ్గరే ఉంది" అన్న ఆడమనిషి నాకు కనిపించలేదు. వేరేవాళ్ళ చేతిలో పెట్టిన డబ్బును ఆమె వాటా కింద చెల్లు వేయడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

తల్లిదండ్రుల్ని చూసేది కొడుకు కదా అనేది ఇంకో మాట. ఇది బలమైన మాట, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. దీనికి మా ఇంటి సంగతే చెప్పాలి.

2020 తీర్పు పేపర్లో చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా దస్తావేజును ఆ తీర్పు కదపదు. చట్టప్రకారం అది పక్కాగా ఉంది, రాసింది నేనే కదా. అయినా 2021లో, అక్క దగ్గర నుంచి నాకు వచ్చిన 25 సెంట్లూ ఆమెకు దాన సెటిల్‌మెంటు, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చే దస్తావేజు, రాస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఇప్పుడెందుకురా? వాడికి కోపం వస్తుంది, మీ ఇద్దరికీ చెడుతుంది" అంది. అరవై దాటిన మనిషి, అప్పటికీ ఆమె దిగులు మా గురించే. తమ్ముడికి చెప్పాను. వాడు కోప్పడ్డాడు. వాడి మాటలు ఉన్నవున్నట్టు చెబుతాను, ఎందుకంటే వాడు చెడ్డవాడు కాదు. "అన్నయ్యా, అమ్మకు పక్షవాతం వస్తే నాలుగేళ్ళు ఎవరు చేశారు? బావగారు ఆస్పత్రిలో ఉంటే రాత్రిళ్ళు ఎవరు పడుకున్నారు? అక్క కూతురి పెళ్ళికి నేను పెట్టింది నీకు తెలుసు. నేను భూమి తిని కూర్చున్నానా?"

వాడన్న ప్రతి మాటా నిజం. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒకటి తోచింది. అమ్మకు నాలుగేళ్ళు చేసింది ఎవరు? ఒళ్ళు తుడిచింది, అన్నం తినిపించింది, మురికి గుడ్డలు ఉతికింది మా తమ్ముడి భార్య. మా మరదలు. ఆ 3 ఎకరాల్లో ఆవిడ పేరున ఒక్క సెంటు లేదు. ఆవిడ పుట్టింట్లో ఆవిడ వాటా విడుదల దస్తావేజు కూడా నా బల్ల మీదే రాశాను. పుట్టింట్లో కట్నం తీసుకున్నావు కాబట్టి వద్దన్నారు. అత్తింట్లో కోడలివి కాబట్టి లేదన్నారు. చాకిరీకి తగ్గట్టు భూమి అన్నది మన పద్ధతి అయితే, మా ఇంట్లో ముందు రాయవలసింది ఆవిడ పేరు. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం కూతురికీ తల్లిదండ్రుల బాధ్యత ఉందని చెప్పింది. బాధ్యత ఇద్దరిదీ అన్నప్పుడు వాటా ఒకరిదే ఎలా అవుతుంది?

నా 25 సెంట్లూ రాసేశాను. తమ్ముడు తనది రాయలేదు. కొన్నాళ్ళు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతున్నాడు. సంక్రాంతికి అక్కకు చీర వాడే పెట్టాడు. వాణ్ణి నేను తప్పుపట్టలేను. ఎందుకంటే 27 ఏళ్ళు నేనూ వాడిలాగే ఉన్నాను.

ఇక పని మాట. వాటా అంటే పొలం మధ్యలో కంచె వేయడమే అనుకోకండి. భాగ పంపిణీ దస్తావేజు రాయించుకోండి, అందులో ఆడపిల్ల పేరు, సర్వే నంబరు, హద్దులు ఉండనివ్వండి, పాస్ పుస్తకం ఆమె పేరున రానివ్వండి. సాగు అన్నదమ్ములే చేసుకోవచ్చు. ఏడాదికి ఇన్ని బస్తాలని కౌలు మాట్లాడుకోండి. పంట రోజున అన్న బస్తాలు వేసుకుని చెల్లెలి ఇంటికి వెళితే పుట్టిల్లు ఎక్కడికి పోతుంది? మా దగ్గర రెండు మూడు కుటుంబాలు ఇలా చేశాయి. వాళ్ళ ఇళ్ళకు రాకపోకలు బాగానే ఉన్నాయి. ఇంకొకటి, ఆడపిల్లలకు: చదవకుండా సంతకం పెట్టకండి. నకలు ముందురోజే ఇంటికి తెప్పించుకోండి. ఈ మధ్య నేను విడుదల దస్తావేజు ఒప్పుకుంటే ఒక షరతు పెడుతున్నాను. ఆ ఆస్తికి ఇవాళ ఊళ్ళో పలుకుతున్న ధర, అందులో ఆమె వాటా విలువ ఒక కాగితం మీద వేసి ఆమె చేతికి ఇస్తాను. వదులుకుంటే వదులుకోనివ్వండి, ఎంత వదులుకుంటున్నదీ తెలిసి వదులుకోనివ్వండి. దీనివల్ల నాకు కొన్ని పనులు తప్పాయి. ఫరవాలేదు.

పోయిన నెలలో ఒక అమ్మాయి వచ్చింది, ఇద్దరు అన్నలతో. నర్సుగా చేస్తోందట. నకలు మొత్తం నిదానంగా చదివింది. చదివి, "బాబాయ్‌గారూ, ఈ 'ఇష్టపూర్వకముగా' అన్న మాట తీసేయండి, మిగతాదానికి సంతకం పెడతాను" అంది. ఆ మాట తీస్తే దస్తావేజు నిలవదమ్మా అన్నాను. "అయితే ఆ మాట నిజం అయ్యేట్టు ఏదన్నా చేయమనండి వీళ్ళని" అంది. అన్నలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ బయట వేపచెట్టు కింద చాలాసేపు నిలబడి మాట్లాడుకున్నారు. పెద్దన్న లోపలికి వచ్చి, "ఇవాళ్టికి ఆపండి, మళ్ళీ వస్తాం" అన్నాడు. స్టాంపు కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి.

నిర్వాహకులు టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. పాస్ పుస్తకాలు, లింకు డాక్యుమెంట్లు తెచ్చుకున్నవాళ్ళు ఉంటే సభ అయ్యాక ఇక్కడే కూర్చుంటాను, చూసి చెబుతాను. ఆడవాళ్ళు ముందు రండి.